మైనా వాపసొచ్చిందట

మీ కంపెనోళ్లు వాపస్ వచ్చిండ్రా? మంచిది. ఎవల్ని అడిగి పోయిండ్రు, ఎవల్ని అడిగి వచ్చిండ్రు? ఇప్పుడు మేమేం జెయ్యాలె, మంగళారతి పట్టుకొని గేటు కాడ నిలవడాలెనా?

ఆ హారన్ ఆపు బిడ్డా. వినబడ్డది. చెవులు మంచిగనే ఉన్నయి నాకు. కారును జర గోడ పక్కకు పెట్టు, నీళ్ల ట్యాంకరు వచ్చే యాళ్లయింది. దోవ లేకుంటే వాడు నా మీద పడి ఒర్రుతడు.

నర్మద గారా? లేదు. గిర్నికి పోయింది, జొన్నలు పట్టిచ్చుకొస్త అని. బెల్లంపల్లి మొత్తం ఆ ఒక్క గిర్ని కాడనే ఉంటది, ఎప్పుడొస్తదో ఏమొ. నువ్వు ఎదురుచూసుడు దండుగ.

నేనా? అంబదాస్. ఆమె పెనిమిటిని.

నీ పేరేందన్నవు? దీపికనా. కరీంనగర్ షోరూమ్ కెల్లి ఒక్కదానివే నడుపుకుంట వచ్చినవా? సరే. వచ్చినవు గదా, ఇగో మంచినీళ్లు తాగు. తాగి బండి తిప్పుకొని పో. ఆమె రాకముందే పో. మాకు ఏ బండి అవసరం లేదు.

ఏంది? ఆమెనే ఫోన్ చేసిందా? టెస్ట్ డ్రైవ్ కావాలె, బండి ఇంటికి తెమ్మన్నదా?

నర్మదనా? మా నర్మదనా?

నాకు చెప్పలే. పొద్దుగాల చాయ పోసిచ్చింది, రొట్టె చేసింది, జొన్నల డబ్బ పట్టుకొని పోయింది. ఒక్క మాట చెప్పలే.

కూసో. ఆ కుర్చీ గుంజుకో. నువ్వు కొత్తగ నౌకరి చేస్తున్నవు, నీకు మీ కంపెని కథ తెల్వదు. నేను చెప్త. విన్నంక నువ్వే బండి తిప్పుకొని పోతవు.

పేపర్ల ఏసిండ్రు గదా సగం పేజీ, "మీ మైనా మళ్లీ మీ ఇంటికి" అని. చూసిన. చదివి మడిచి పక్కకు పెట్టిన. రాయమల్లు అని మా గల్లీలనే ఉంటడు, నాతోని బొగ్గుబాయిల పని చేసినోడు. ఆ పేపరు హోటల్ కాడికి పట్టుకొచ్చి, అంబదాసూ, నీ చుట్టం వాపసొస్తున్నదట గదా అని అందరి ముంగట నవ్విండు. నేను చాయ సగం ఇడిసిపెట్టి లేచి వచ్చిన.

నా అభిప్రాయం రాసుకుంటవా? పాత కస్టమర్ల అభిప్రాయం కావాల్నా మీ కంపెనికి? రాసుకో. అంబదాస్ అనెటోడు మస్తు కోపం మీద ఉన్నడని రాసుకో.

ఏడేండ్ల కింద మీ షోరూమ్ కు నా కాళ్ల మీద నేను నడుసుకుంట వచ్చిన. అప్పుడు మేనేజర్ భానుప్రసాద్ అని ఒకాయన ఉండె. ఇప్పుడున్నడో లేడో. ఏసీల కూసొని నా దిక్కు సరిగ చూడను కూడ చూడలే. ఏమన్నడు తెలుసా? "అంకుల్, ఇంక చిన్న బండ్లు ఎవలు కొంటరు? జనమంత ఎత్తు బండ్లకు పోయిండ్రు. మైనా బంద్ చేసినం" అన్నడు. ఒక్క మాటల అయిపాయె. అది ఏసుకొని బతికెటోళ్లు ఎంతమంది ఉన్నరు, వాళ్లేం గావాలె అని మీకు ఫికర్ ఉన్నదా?

ఇప్పుడేమొ అదే నోటితోని చిన్న బండే ముద్దంటున్నరు. ఎందుకు యాదికొచ్చింది చిన్నది? నేను చెప్పాల్నా? ఎత్తు బండ్లు ఇప్పుడు ప్రతి కంపెనోడు చేస్తుండు, మీకు గిరాకి దొరుకుత లేదు. పెట్రోలు పిరమైంది. ఊర్లల్ల బండి పెట్టుకునే జాగ లేదు. గందుకే వచ్చిండ్రు, మా మీద ప్రేమతోని కాదు.

ప్రేమే అంటవా? నీకు నేర్పిండ్రు, నువ్వు అంటున్నవు. నిన్ను అనుడు కాదు బిడ్డా, నువ్వు మంచిగనే ఉన్నవు.

సరే, చూపెట్టు. వచ్చినంక చూస్తే ఏం పాపం.

ఇది మైనానా? ఎక్కడి మైనా ఇది? మా మైనా నా నడుము మీదికి ఇంతనే ఉండె. ఇది నాలుగు వేళ్లు పెరిగింది. చిన్న బండి అనుకుంట కూడ ఎత్తు మీదనే పాణం మీకు. లోపల ఇదేంది, టీవీ పెట్టిండ్రు? ఏసీ తిప్పెటందుకు గుండీ లేదా? టీవీల వేలు పెట్టి గెలకాలెనా? మరి దోవ ఎవలు చూడాలె?

స్టెప్నీ ఏది? లేదా? పంచరు పోసే డబ్బ ఇచ్చిండ్రా? జైనూర్ ఘాట్ ఎక్కినవా ఎప్పుడన్న? ఎక్కి చూడు. అటు చెట్లు, ఇటు లోయ, ఫోన్ల సిగ్నల్ ఉండదు. ఆడ టైరు పేలితే నీ డబ్బ పట్టుకొని కూసోవాలె. మీ బండి చేసినోడు ఎన్నడు జైనూర్ పోయినోడు కాదు.

కరెంటు బండి కాదు గదా? పెట్రోలే, చేతి గేరే. అదొక్కటి మంచిగ చేసిండ్రు. అగో, మంచిగ అన్నడని రాసుకుంటున్నవా? కొట్టెయ్.

ఎనుక తలుపు లేపు. పూర్తిగ మీదికి లేస్తదా? సీటు మడువు, చూస్త.

చదునుగనే పడ్డది. ఆరు మూటలు పడ్తయి.

చీరల మూటలు బిడ్డా. మరేంటియి.

నర్మదది సిరిసిల్ల. వాళ్లన్నకు అక్కడ నాలుగు మరమగ్గాలు ఉన్నయి. వాళ్లు చీరలు నేస్తరు, ఎవనికో తక్కువకు ఇస్తరు. నర్మద ఏం చేసింది? నాకే ఇయ్యి అన్నా, నేను అమ్ముకొస్త అన్నది. మైనా ఎనుక సీటు మడిచి ఆరు మూటలు పెట్టి, పొద్దుగాల పోయేది. ఒకదినం మా బాయి కాలనీలు, ఒకదినం ఆసిఫాబాద్, అంగడి దినం జైనూర్. ఆ గుట్టల మీది ఊర్ల ఆడోళ్లకు బస్సెక్కి వచ్చి చీర కొనుక్కునే తీరిక ఉంటదా? ఈమెనే వాళ్ల గుమ్మం ముంగటికి పోయి డిక్కీ తలుపు మీదికి లేపి, అక్కడనే దుకాణం పెట్టేది. ఎండైతే ఆ తలుపు కిందనే నీడ. చిన్న వాన పడ్డా ఆ తలుపు కిందనే బేరం.

నేర్పింది నేను కాదు. నాకు ఆమెకు బండి నేర్పాలని ఆలోచనే లేకుండె. అదొక తమాష.

మైనా కొన్ననాడు షోరూమ్ ల కాయితాలు రాసెటోడు అడిగిండు, సార్ బండి ఎవరికి అని. నేను రంగు చూస్తున్న, తెల్లదా ఎర్రదా అని పరేషాన్ల ఉన్న. ఫ్యామిలీకి అన్న. మరి ఫ్యామిలీకే గదా. మళ్ల అడిగిండు, ఫ్యామిలీ పేరు ఏంది సార్ అని. నీకు తెల్వంది కాదు, మన దిక్కు మొగోళ్లు ఫ్యామిలీ అంటే ఇంటామెనే. నర్మద అన్న. అలవాటుల అన్న. వాడు రాసిండు.

నెల దినాలకు బండి ఆర్సీ కార్డు ఇంటికి వచ్చింది. ఓనర్ నర్మద. నేను మీ షోరూమ్ కు ఫోన్ చేసి లొల్లి చేసిన. మీరే చెప్పిండ్రు గదా సార్, ఫ్యామిలీకి అని, అన్నరు. మార్చుడంటే మళ్ల ఆఫీసుల చుట్టు తిరుగుడు. ఇడిసిపెట్టిన.

ఆమె ఆ కార్డు తీసుకొని చదివింది. రెండుసార్లు చదివింది. నా పేరు మీద బండి పెట్టుకొని నేను నడపకుంటె ఎట్ల అన్నది. నవ్వుతున్నదనుకున్న. తెల్లారి ట్రైనింగ్ స్కూల్ల పేరు రాయిచ్చుకున్నది. నెలల నేర్చుకున్నది. మా ఇంట్ల అంతకుముందు సైకిల్ తొక్కిన ఆడిమనిషి లేదు.

గట్ల ఐదేండ్లు నడిచింది. మంచిగ నడిచింది. అదిగో, ఇంటికి ఆనుకొని గా పక్క అర్ర ఆ చీరల డబ్బులతోనే ఏసినం.

తర్వాత స్టీరింగు కింద టకటక మొదలైంది. నేను చూసిన. లోపల చక్రాలను తిప్పే ర్యాక్ అరిగింది. బాయిల ముప్పై ఏండ్లు ఫిట్టర్ను, ఆ మాత్రం చప్పుడు నాకు తెల్వదా? పక్క దుకాండ్లల్ల అడిగిన, లేదన్నరు. మంచిర్యాల అడిగిన, లేదన్నరు. కంపెనిదే గావాలె. గప్పుడే మీ షోరూమ్ కు వచ్చిన. గప్పుడే భానుప్రసాద్ ఆ మాట అన్నడు. పార్టు కోసం పేరు రాసుకున్నరు, పంపుతం అన్నరు.

నెల ఆయె. మూడు నెలలాయె. ఆరు నెలలాయె. పార్టు రాలే. బండి రేకుల కింద నిలవడ్డది. మూటలు అర్రల పడ్డయి. వాళ్లన్న ఫోన్ చేస్తే, వస్త అన్నా, బండి మంచిగ కానీ అనేది. జైనూర్ కెల్లి ఎవలో ఆడోళ్లు ఫోన్ చేసేటోళ్లు, అక్కా పండుగకు చీరలు తెస్తలేవా అని. వాళ్లకు గదే జవాబు. ఆఖరికి ఫోన్ ఎత్తుడు కూడ బంద్ చేసింది.

గిదంత మీ కంపెని చేసింది. ఒక్క పార్టు పంపకుండ ఒక ఆడిమనిషి వ్యాపారం ముంచిండ్రు. ఇప్పుడు సగం పేజీ పేపర్ల ఏసి మళ్లొచ్చినం అంటే సరిపోతదా? సిగ్గుండాలె గదా.

ఏంది?

ఆ కంప్యూటర్ పలక నా దిక్కు ఎందుకు తిప్పుతున్నవు? నాకు అద్దాలు లేకుంటె కనబడదు.

నువ్వే చెప్పు. పార్టు పంపినట్టు ఉన్నదా? మా అడ్రసుకా? తారీఖు కూడ ఉన్నదా?

తప్పు. మీ కంప్యూటర్ల తప్పు రాసిండ్రు. ఇంకెవలికో పంపి మా పేరు మీద ఎక్కిచ్చిండ్రు. గివన్ని మాకు తెల్వనియి కావు.

సంతకమా? ఎవలిది?

పెద్దగ చెయ్యి. అక్షరాలు పెద్దగ చెయ్యి.

జర ఆగు బిడ్డా. ఆగు. దాన్ని బంద్ చేసి సంచిల పెట్టు. ఆమె వచ్చే యాళ్లయింది. ఇది ఆమెకు చూపెట్టద్దు. పాత బండి రికార్డు అని చెప్పుకుంట నువ్వు ఆ పలక ఆమె ముంగట తెరుస్తవు, ఆమె చదువుతది. అన్నీ రెండుసార్లు చదివే మనిషి ఆమె. నీకు దండం పెడ్త.

కూసో. చెప్త. చెప్పినంక నువ్వు సోంచాయించుకో.

పార్టు వచ్చింది. నిజమే. నేను మీ షోరూమ్ కు వచ్చిన నెలకే వచ్చింది. పొడుగు అట్టపెట్టె. నర్మద ఆ దినం సిరిసిల్లకు పోయింది. కొరియరాయన గేటు కాడ ఇచ్చిండు, సంతకం పెట్టి తీసుకున్న. రెండు జాకీలుంటే ఒక్క పూట పని నాకు. పాన పెట్టె తీసిన. బండి లేపిన. కింద గోనెపట్ట పరిచి పండుకున్న.

పండుకొని మీదికి చూసిన. పాత ర్యాక్ కనబడుతున్నది. నాలుగు బోల్టులు. చెయ్యి పెట్టిన. మళ్ల తీసిన. లేచి బండి దించిన.

ఎందుకంటే, మా సడ్డకుడు ఓంప్రకాశ్, నర్మద చెల్లె మొగడు, దుబాయ్ ల పద్నాలుగేండ్లు చేసి వచ్చినోడు, అప్పుడే ఎత్తు బండి కొన్నడు. లగ్గాల కాడ దాని పక్కన మా మైనా నిలవెట్టాలంటే నాకు ఇజ్జత్ పోయినట్టయ్యేది. మైనా పోతె మనం కూడ అసొంటిది కొనొచ్చు అనుకున్న. కొన్న కూడ. అదిగో రేకుల కింద కవరు కప్పుకొని ఉన్నది గదా, అదే. లగ్గాలకే తీస్త. ఆమెకు కాలు అందదు. సీటు ముందటికి జరుపుకున్నా దాని మూతి అవతల ఏమున్నదో కనబడదు అన్నది. గల్లీలనే గోడకు రాకింది. నాకొద్దు అని దిగింది. నేనే నడిపిస్త పా అన్న. జైనూర్ రెండుసార్లు తీసుకపోయిన. ఎండల చెట్టు కింద కూసొని, ఇంకెంతసేపు, ఇంకెంతసేపు అని పాణం తిన్న. మూడోసారి ఆమె రా అనలే.

ఏం చూస్తున్నవు అట్ల? నమ్మబుద్ధయిత లేదా?

నిజమే, అది సగమే. ఎత్తు బండి కోసం అనుడు సగం అబద్ధమే.

ఒకసారి ఆసిఫాబాద్ ల ఏదో పని ఉండి పోయిన. హోటల్ల చాయ తాగుతుంటె ఒకాయన వచ్చి, మీరు చీరల నర్మదక్క పెనిమిటి గదా అన్నడు. మర్యాదగనే అన్నడు బిడ్డా. చాయ పైసలు కూడ ఆయనే ఇచ్చిండు. తర్వాత ఇంకో కాడ గదే మాట. బ్యాంకుల గదే మాట. మా గల్లీల కూడ, నర్మదక్క ఇల్లు ఏది అని అడుగుతరు, అంబదాస్ ఇల్లు ఏది అని ఎవడు అడుగడు.

బాయిల నాకు పేరుండె. మోటరు ఆగిందంటే ఏ షిఫ్టుల ఉన్నా అంబదాస్ ను పిలువుండ్రి అనేటోళ్లు. ఇంజనీరు కూడ నన్ను అడిగి చెయ్యి పెట్టేటోడు. రిటైరై ఏడాది గాలే, నన్ను అడిగే మనిషి లేడు. పొద్దుగాల ఆమె పోతది, మాపు ఆమె వస్తది. మధ్యల నేను, మూత పెట్టిన అన్నం గిన్నె. వచ్చి కథలు చెప్పేది. ఫలాన ఊర్ల గిట్లయింది, గుట్ట మీద నెమలి కనబడ్డది, ఒక ముసలామె చీరకు బదులు ఇప్పపూలు ఇచ్చింది అని. నాకు వినబుద్ధి కాకపొయ్యేది. నా కాడ చెప్పెటందుకు ఏమున్నది?

ఆమె జర ఇంటి పట్టున ఉంటె బాగుండు అనిపిచ్చింది. ఒక పది దినాలు అనుకున్న. ఆ పార్టు పెట్టెను కట్టు ఇప్పకుండనే తీసుకపోయి సజ్జ మీద, ఇత్తడి తాంబాలం ఎనుక పెట్టిన. పది దినాలైనంక ఇయ్యాల్నే వచ్చింది అని చెప్పి ఏసేద్దాం అనుకున్న.

ఆమె ఇంట్లనే ఉన్నది. ఇద్దరం కూసొని తిన్నం. మంచిగనిపిచ్చింది. పది దినాలు ఇరవై అయినయి. నెలయింది. ఇగ నెలయినంక, ఇన్ని దినాలు ఎందుకు దాచినవు అంటె ఏం చెప్పాలె?

గందుకని మీ కంపెనిని తిట్టుడు మొదలుపెట్టిన. పార్టు పంపలేదు దొంగలు అని పొద్దున తిట్టిన, మాపు తిట్టిన. హోటల్ కాడ తిట్టిన. ఆమె ముంగట ఉత్తగనే ఫోన్ చెవికి పెట్టుకొని, అవతల ఎవలు లేకున్నా తిట్టిన. తిట్టంగ తిట్టంగ నాకే నిజమనిపిచ్చింది. ఇయ్యాల నువ్వు వచ్చినప్పుడు కోపం నిజంగనే వచ్చింది, చూసినవు గదా.

అటెనుక మైనాను తుక్కు కింద కొనెటందుకు పాత సామానాయన వచ్చిండు. ఓనర్ సంతకం కావాలన్నడు. కాయితం ఆమె ముంగట పెట్టిన. ఆ ఒక్క కాయితం చదవలే. సంతకం పెట్టి ఇంట్లకు పోయింది.

ఇగో, గిది ముచ్చట. తిట్టేది ఉంటే తిట్టు. కాని ఆమెకు చెప్పకు. కొత్త మైనా కొనుక్కోనీ, నేను అడ్డం రాను. మంచి బండి అని నేనే చెప్త. స్టెప్నీ లేకున్నా మంచిదే అని చెప్త. నీకు కూడ బేరం అయితది. ఆ సంతకం ఒక్కటి తుడిపెయ్యరాదా?

రాదా. కంప్యూటర్ల ఉన్నది పోదా. సరే, చూపెట్టకు అంతే.

ఏంది, ఇంకొకటి ఉన్నదా? ఏం కాయితం? ఆమె ఫోన్ల చెప్తుంటే నువ్వు రాసుకున్నదా?

పాత బండి వాడుడు ఎందుకు బంద్ చేసిండ్రు అని మీరు అడుగుతరా అందరిని? గదెందుకు మీకు?

చదువు. నాకు అద్దాలు లేవు, నువ్వే చదువు.

"బండి పోయిన నెలకు బతుకమ్మ వచ్చింది. తాంబాలం దించుతుంటే ఎనుక పెట్టె దొరికింది. కట్టు ఇప్పలేదు. మళ్ల అక్కడనే పెట్టిన."

మళ్ల చదువు బిడ్డా. మెల్లగ చదువు.

బతుకమ్మకు తాంబాలం దించుతరు గదా. నాకు యాదికే రాలే. పూలు తెచ్చుడు, పేర్చుడు ఆడోళ్ల పని, నేను ఆ తొమ్మిది దినాలు హోటల్ కాడనే ఉంటి. ఇంట్ల ఎవలు ముట్టని జాగ అనుకొని, ఏడాదికొకసారి తప్పకుండ ముట్టే జాగల పెట్టిన.

ఆరేండ్లు. ఆరు బతుకమ్మలు. ప్రతి ఏడు దించుతది, మళ్ల అక్కడనే పెడ్తది. నేను మీ కంపెనిని తిట్టుకుంట అన్నం తింటుంటె, ఇంకింత పప్పు ఏసుకోరాదు అనేది. నేను ఉత్త ఫోన్ల మాట్లాడుతుంటె పక్కన కూసొని బియ్యం ఏరుకునేది.

ఇంకున్నదా? కింద ఏం రాసి ఉన్నది?

"ఆయనంతట ఆయనే చెప్తడేమొ అని చూసిన. ఇగ చూడ."

అయితే నీకు ముందుగాలనే ఎరుకనా? గేటు కాడ హారన్ కొట్టినప్పటికే ఎరుకనా? ఎరుక ఉండి, నేను గడగడ అబద్ధాలు చెప్తుంటె అభిప్రాయం అనుకుంట రాసుకున్నవా? నిన్ననుడు ఎందుకు. నేను చెప్తున్న, నువ్వు విన్నవు.

అగో. వస్తున్నది. మూల మీద, పిండి డబ్బ చంకల పెట్టుకొని, ఆమెనే.

నా దిక్కు చూస్తలేదు. బండిని చూస్తున్నది. నవ్వుతున్నదా? నా కండ్లు సరిగ కనబడయి, నువ్వు చూసి చెప్పు. నవ్వుతున్నది గదా?

తాళం నాకెందుకిస్తున్నవు? ఆమెకియ్యి. ఆ పలక కూడ తెరిచే పెట్టుకో, దాచకు. నువ్వు పక్క సీట్ల కూసో, గల్లీ మలుపు కాడ జర చూసుకొమ్మను, ఆరేండ్లాయె చెయ్యి పెట్టక.

చెప్పాలె. ఆమె ఆ బండి తలుపు తీసేలోపల చెప్పాలె. నీకైతే ముక్కు మొఖం తెల్వకున్నా కూసోబెట్టి అంత చెప్పిన. ఆమె ముంగటికి వచ్చేసరికి నోరు వస్తలేదు బిడ్డా.